పెరట్లో ఈత కొలను సొంతంగా కట్టేటప్పుడు పని ఎక్కడ చెడుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

పెరట్లో ఈత కొలనును సొంతంగా కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా సిమెంటు, ఇనుము, టైల్సు, పంపు వంటివాటి లెక్క ముందుగా వేసుకుంటారు. పనిని నిజంగా ఆపేసేవి మాత్రం ఆ లెక్కలో కనిపించవు. గొయ్యిలో ఊరే నీరు, విరిగిపడే గట్టు, అడుగుకూ గోడకూ మధ్య అతుకు, పరీక్షించకుండా కప్పేసిన పైపు, మట్టం తప్పిన అంచు అనే వాటి దగ్గరే ఎక్కువ పనులు చెడిపోతుంటాయి. తప్పు జరిగిన రోజున అది బయటపడకపోవడం వీటన్నిటికీ ఉన్న ఉమ్మడి లక్షణం. దాని మీద మరో పొర పడి, ఆ పొర గట్టిపడిన తరువాత బయటపడుతుంది కాబట్టి సరిదిద్దే ఖర్చు అసలు పని ఖర్చును మించిపోతుంది. అందువల్ల ఏ దశలోనైనా తరువాతి పనికి వెళ్లే ముందు, ఇప్పుడు కప్పబోతున్నదాన్ని పరీక్షించామా లేదా అని చూసుకోవడం ఈ నిర్మాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు.

లెక్కల సౌలభ్యం కోసం 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల గోడ ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం గల గోడలు, అంతే మందం గల అడుగు ఉన్న కాంక్రీటు కొలనును ఉదాహరణగా తీసుకుందాం. 1.4 మీటర్ల లోతున నీరు నింపితే దానిలో సుమారు 45,000 లీటర్లు పడతాయి. అంటే 45 టన్నుల బరువు. ఇంత బరువు మోసే కట్టడంలో ఏ మందం ఊచలు ఎంత దూరంలో వేయాలన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు నిర్ణయించాలి. కట్టే పని సొంతంగా చేసుకోవచ్చు గానీ, ఈ లెక్కను ఊహకు వదలడం ఎంతమాత్రం మంచిది కాదు. బయట మట్టి లేనప్పుడు నిండు కొలను గోడను నీరు బయటికి తోస్తుంది. కొలను ఖాళీగా ఉన్నప్పుడు అదే గోడను మట్టి లోపలికి తోస్తుంది. ఈ రెండు పరిస్థితులనూ లెక్కలోకి తీసుకున్నారా అని ఇంజనీరును తప్పక అడగండి.

తవ్వకంలో ఎదురయ్యే చిక్కులు

మొదటి చిక్కు చోటు ఎంపికలోనే వస్తుంది. ఇంటి పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో కిందికి ఒక గీత గీసినట్లు ఊహించుకుంటే, గొయ్యి ఆ గీతకు వెలుపలే ఉండాలి. గీతను దాటి లోపలికి తవ్వితే పునాదికి ఆధారంగా ఉన్న మట్టిని తీసేసినట్లే. నేలలో వెళ్లే కరెంటు కేబుళ్లు, నీటి గొట్టాలు, మురుగు పైపులు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ ఉన్నాయో, కట్టడానికి ఏ అనుమతి కావాలో తవ్వకానికి ముందే తెలుసుకోవాలి.

తవ్విన మట్టి ఎంత వస్తుందన్నది చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. మన ఉదాహరణలో గోడల వెలుపల సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి పలకలతో కట్టే అచ్చు) కట్టే మనిషి నిలబడే చోటు, అడుగున పీసీసీ (ఊచలు లేని కాంక్రీటు) పొర కూడా కలుపుకుంటే గొయ్యి సుమారు 9.4 మీటర్ల పొడవు, 5.4 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల లోతు అవుతుంది. అది 91 ఘనపు మీటర్లు. నేలలో బిగుసుకుని ఉన్న మట్టి తవ్వగానే వదులై దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది గనుక, బయట పడే కుప్ప 110 ఘనపు మీటర్లు దాటుతుంది. దాన్ని ఎక్కడికి పంపాలో, లారీ ఎంతవరకు రాగలదో, జేసీబీ పెరట్లోకి దూరేంత దారి ఉందో లేదో ముందే కొలిచి చూసుకోకపోతే తవ్విన రోజే పని ఆగుతుంది.

ఆ మట్టిని గట్టు అంచునే పోస్తే మరింత ప్రమాదం. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను ఉంటుంది. అంచు మీద ఆ బరువు పడితే గట్టు విరిగి, లోపల ఉన్న మనిషిని పాతిపెట్టడానికి క్షణాలు చాలు. నడుము లోతు మట్టిలో కూరుకున్న మనిషిని పక్కనున్నవారు చేతులతో లాగి బయటికి తీయలేరు. మట్టి కుప్ప అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ఎంత దూరమైతే అంత మంచిది. 1.5 మీటర్లు దాటిన నిట్టనిలువు గట్టు కింద ఎవరూ దిగకూడదు. గట్టును ఏటవాలుగా కోయడమో, మెట్లు మెట్లుగా తీయడమో, పలకలతో ఆపు కట్టడమో చేయాలి. ఇసుక నేల, తడి నేల అయితే అంతకన్నా తక్కువ లోతులోనే ఈ జాగ్రత్త మొదలవ్వాలి. గట్టు ఒకసారి జారితే, కింద పడిన మట్టిని ఎత్తిపోసి పని కొనసాగిస్తే సరిపోతుందని అనుకోకండి. జారిన చోట పైన పగుళ్లు ఏర్పడి ఉంటాయి. అక్కడ వాలు తగ్గించే వరకు లోపలికి దిగడం ఆపాలి.

పొరపాటున లోతు ఎక్కువగా తవ్వినా చాలామంది అదే మట్టిని తిరిగి పోసి తొక్కుతారు. తొక్కిన మట్టి తరువాత కుంగుతుంది, దానితో పాటు అడుగు కూడా పగులుతుంది. ఆ లోతును కంకరతో పొరలుగా దిమ్మిస కొట్టి గానీ, పలుచని కాంక్రీటుతో గానీ నింపాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే బంకమట్టి నేల అయితే దాని మీద నేరుగా అడుగు స్లాబు పోయకూడదు. ఎంత లోతు తీసేసి ఏ పదార్థం నింపాలో మట్టి పరీక్ష చేయించి తెలుసుకోవాలి.

ఊట నీరు

సొంతంగా కట్టేవారు కొలనులోని నీరు బయటికి కారుతుందని భయపడతారు. బయటి నీరు కొలనును పైకి లేపుతుందని ఎక్కువమంది ఊహించరు. నేలలో నీటి మట్టం అడుగు స్లాబు కంటే పైకి చేరినప్పుడు ఖాళీ కొలను నేలలో కూరుకున్న పడవలాగా తేలడానికి ప్రయత్నిస్తుంది. మన కొలను వెలుపలి కొలతలు 8.4, 4.4 మీటర్లు, అంటే అడుగు వైశాల్యం 37 చదరపు మీటర్లు. ఊట నీరు స్లాబు అడుగు నుంచి ఒక మీటరు ఎత్తుకు చేరితే 37 టన్నుల బలం దాన్ని పైకి నెడుతుంది. ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులని లెక్కవేస్తే అడుగు 18 టన్నులు, గోడలు 18 టన్నులు, మొత్తం 36 టన్నులకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. అంటే కేవలం ఒక మీటరు ఊట నీటికే కొలను బరువు చాలకుండా పోతుంది. చుట్టూ ఉన్న మట్టి రాపిడి కొంత పట్టి ఉంచుతుంది గానీ దాని మీద ఆధారపడకూడదు. నిండిన కొలనుకు ఈ బెడద ఉండదు. కట్టే సమయంలోనూ, తరువాత ఎప్పుడైనా శుభ్రం చేయడానికి ఖాళీ చేసినప్పుడూ ఈ ప్రమాదం ఉంటుంది.

అందుకే తవ్వకం మొదలుపెట్టకముందే ఒక పరీక్ష గొయ్యి తీయాలి. అది కొలను అడుగు కంటే అర మీటరు లోతుగా ఉండాలి. దాని మీద పలకలు కప్పి కొన్ని రోజులు వదిలేసి నీరు ఎంతవరకు ఎక్కిందో చూడాలి. ఎండలు ముదిరిన రోజుల్లో పొడిగా ఉన్న గొయ్యి వానలు కురిసిన తరువాత నిండిపోవచ్చు. కాబట్టి వానాకాలంలో చూసిన మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నీరు అడుగు మట్టాన్ని దాటేలా ఉంటే, కొలనును నేల కంటే అర మీటరు పైకి లేపి కట్టడం అన్నిటికన్నా తేలికైన పరిష్కారం. తవ్వకం తగ్గుతుంది, మట్టి తరలింపు తగ్గుతుంది, గట్టు ఎత్తూ తగ్గుతుంది. అలా కుదరని చోట అడుగు స్లాబును గోడల వెలుపలికి కూడా పొడిగిస్తారు. పొడిగించిన భాగం మీద పడే మట్టి బరువు కొలనును పట్టి ఉంచుతుంది.

తవ్వుతుండగానే ఊట బయటపడితే పని ఆపి, గొయ్యి మూలన అడుగు కంటే 60 సెంటీమీటర్ల లోతుగా ఒక గుంట తీయాలి. అందులో రంధ్రాలున్న పెద్ద పైపును వడపోత గుడ్డ చుట్టి నిలబెట్టి, చుట్టూ కంకర నింపి, పైపులో మునిగే పంపు దించాలి. గొయ్యి అడుగంతా కంకర పొర పరిస్తే నీరు ఆ గుంటలోకి చేరుతుంది. పంపు తోడే నీరు తేటగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. బురదగా వస్తుంటే నేలలోని సన్నని మట్టి కొట్టుకుపోతోందని, పక్కనున్న ఇంటి కింద నేల బోలు పడుతోందని అర్థం. వెంటనే ఆపి, వడపోతను సరిచేసి, ఇంజనీరుకు చూపించాలి. అడుగు నేల బురదై పాదం దిగబడుతుంటే దాని మీద కాంక్రీటు పోయడం వృథా. ఆ బురదను తీసేసి పెద్ద రాళ్లు, వాటి మీద కంకర కొట్టి గట్టి చేసిన తరువాతే పీసీసీ వేయాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, కాంక్రీటు గట్టిపడగానే పంపు తీసేయడం. గోడలు లేచి, కొలనులో నీరు నిండేవరకు పంపు ఆగకూడదు. కరెంటు పోతే నడపడానికి జనరేటరు సిద్ధంగా ఉండాలి. ఆ నిలువు పైపును చివరిదాకా తీసేయకుండా, మూత పెట్టి నేల మట్టానికి ఉంచుకుంటే, ఎన్నేళ్ల తరువాతైనా దానిలోకి కర్ర దించి ఊట ఎంత లోతులో ఉందో చూసుకోవచ్చు. కొలను ఖాళీ చేసే ప్రతిసారీ ముందు ఆ పైపు చూడాలి. కొలను అడుగున నీటిని లాగే మెయిన్ డ్రెయిన్‌లో బిగించే హైడ్రోస్టాటిక్ వాల్వు కూడా ఉపయోగపడుతుంది. బయటి పీడనం పెరిగితే అది తెరుచుకుని ఊట నీటిని కొలనులోకి రానిస్తుంది. అయితే దాని సీటు మీద ఇసుక రేణువు చిక్కుకుంటే అదే లీకు అవుతుంది. అందుకే దాన్ని అదనపు రక్షణగానే చూడాలి.

కాంక్రీటు పోసే రోజు

ఆ ఉదయం ఊచల కింద కవరు బ్లాకులు (ఊచలను నేలకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) అన్ని చోట్లా ఉన్నాయో లేదో చూసుకోండి. ఊచ నేలకు ఆనుకుంటే కొన్నేళ్లకు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఊచను కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 40 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. కొలను గోడలకు సెంట్రింగు బలంగా ఉండాలి. తడి కాంక్రీటు దాదాపు నీటిలాగే ప్రవహించి పక్కలకు నెడుతుంది కాబట్టి, 1.5 మీటర్ల ఎత్తు గోడను ఒక్కసారిగా పోస్తే అడుగున చదరపు మీటరుకు సుమారు మూడున్నర టన్నుల తోపు పడుతుంది. పలక ఉబ్బినా, పగిలినా ఆ గంటలో చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే గోడ చుట్టూ తిరుగుతూ అర మీటరు పొరలుగా పోయాలి, ప్రతి పొరనూ వైబ్రేటరుతో కుదించాలి.

మిశ్రమం గట్టిగా ఉందని కూలీలు నీళ్లు కలపబోతారు. నీళ్లు కలిపితే పోయడం తేలికవుతుంది, బలం తగ్గుతుంది, ఎండేటప్పుడు సన్నని రంధ్రాలు మిగులుతాయి. కొలనుకు నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు; పలుచన కావాలంటే ప్లాస్టిసైజరు (నీళ్లు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే మందు) వాడాలి.

అడుగు, గోడ కలిసే అతుకు అన్నిటికన్నా ఎక్కువగా కారే చోటు. అడుగు పోసేటప్పుడే గోడ వరుసలో 10–15 సెంటీమీటర్ల ఎత్తు కట్టును దానితో కలిపి పోసి, ఆ కట్టు మధ్యలో వాటర్ స్టాపర్ (అతుకులోంచి నీరు పోకుండా ఆపే) పట్టీని సగం లోపల, సగం పైకి ఉండేలా నిలబెడితే, అతుకు అడుగు మట్టం నుంచి పైకి జరుగుతుంది, దానిగుండా నీరు పోయే దారి మూసుకుంటుంది. మేకులు కొట్టి పట్టీకి చిల్లులు పెట్టకూడదు. తీగతో ఊచలకు కట్టాలి. మిక్సరు చెడిపోయో, లారీ ఆలస్యమయ్యో పోత మధ్యలో ఆగిపోతే గట్టిపడిన అంచు మీద కొత్త మిశ్రమాన్ని అలాగే పోయకండి. అంచును చెక్కి, పైనున్న పాల పొర వంటి బలహీనమైన పూతను కడిగేసి, నీటికి ఉబ్బే పట్టీ అతికించి, ఆ తరువాత పోయాలి.

సెంట్రింగు ఊడదీసినప్పుడు కంకర బయటపడిన తేనెపట్టులాంటి భాగాలు కనిపిస్తే సిమెంటు పూసి దాచేయకూడదు. గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కి, ముడుచుకోని మరమ్మతు మోర్టారుతో నింపాలి. పలకలను బిగించిన టై ఊచల రంధ్రాలకూ ఇదే వర్తిస్తుంది. పోసిన తరువాత అడుగు మీద నీరు నిలిపి, గోడలను తడి గోనెలతో కప్పి, కనీసం ఏడు రోజులు, వీలైతే రెండు వారాలు క్యూరింగు చేయాలి, అంటే తడి ఆరకుండా ఉంచాలి. పోసిన కొద్ది గంటల్లోనే ఎండకు, గాలికి పైపొరలో సన్నని బీటలు పడుతుంటే నీడ కల్పించి తడపాలి. అవి లోతుగా వెళ్లకపోతే భయపడనక్కరలేదు.

పైపులు

కాంక్రీటులోకీ, మట్టిలోకీ వెళ్లే ప్రతి పైపునూ పోతకు ముందే నీటితో నింపి, మూతలు బిగించి, తయారీదారు చెప్పిన పరిమితికి లోబడి సుమారు 2 బార్ల పీడనం పెట్టి ఒక రోజు ఉంచాలి. గాలితో పరీక్షించడం ప్రమాదకరం. కుదించిన గాలి వల్ల పీవీసీ పైపు పగిలితే ముక్కలు తూటాల్లా ఎగిరిపడతాయి. ఒక మంచి పద్ధతి ఏమిటంటే, కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఆ పీడనాన్ని అలాగే ఉంచడం. ఎవరి కాలో తగిలి పైపు పగిలితే గేజి సూది పడిపోతుంది, తడి కాంక్రీటును అప్పటికప్పుడే తీసి సరిచేయవచ్చు. గోడలోంచి వెళ్లే పైపుకు పోతకు ముందే నీటిని ఆపే పట్టీ తొడగాలి. తరువాత రంధ్రం వేసి దూర్చిన పైపు చుట్టూ ఎంత పూసినా నమ్మకం ఉండదు.

అడుగున నీటిని లాగే డ్రెయిన్లు రెండు ఉండాలి, వాటి మధ్య దాదాపు ఒక మీటరు దూరం ఉండాలి. ఒకటే ఉంటే దానిమీద పడిన జుట్టునో శరీరాన్నో పంపు పట్టి వదలదు. ఇది మరణానికి దారితీసే లోపం. పెద్ద పంపు కొంటే నీరు బాగా శుభ్రమవుతుందనే నమ్మకం కూడా ఇబ్బందికరమే. 45,000 లీటర్లు ఆరు గంటల్లో ఒకసారి తిరగాలంటే గంటకు 7,500 లీటర్లు చాలు. అంతకు మించిన పంపు సన్నని పైపుల్లో అరుస్తుంది, ఫిల్టరులోని ఇసుకను కదిలిస్తుంది.

కరెంటు పనిని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనుకే అప్పగించండి, అతన్ని కాంక్రీటుకు ముందే పిలవండి. ఊచల వల, నిచ్చెన, పంపు మోటారు వంటి లోహ భాగాలన్నిటినీ ఒకే తీగతో కలపాలి. పోత అయిపోయాక ఊచలకు తీగ కలపడం దాదాపు అసాధ్యం. సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు), నీటిలోని దీపాలకు 12 వోల్టులు ఉండాలి.

నీటి పరీక్ష, ఆపై మట్టి

కాంక్రీటు 28 రోజులు ముదిరిన తరువాత, ప్లాస్టరింగుకూ టైల్సుకూ ముందు, గోడల వెలుపల మట్టి నింపకముందు కొలనును నీటితో నింపి చూడాలి. అప్పుడు గోడ బయటి వైపు తడి మరక ఎక్కడ కనిపిస్తే లీకు అక్కడ ఉందని చెప్పవచ్చు. తొందరపడి ముందే మట్టి నింపినవారికి ఈ సౌలభ్యం ఉండదు. కొత్త కాంక్రీటు మొదట్లో నీటిని పీలుస్తుంది, కాబట్టి కొలవడానికి వారం రోజులు ఆగాలి.

ఆ తరువాత ఒక బకెట్టును కొలను నీటితో నింపి, మెట్టు మీద నీటిలో నిలబెట్టి, బకెట్టులోపలా కొలను గోడ మీదా నీటి మట్టం గుర్తించాలి. మరుసటి రోజు అదే వేళకు చూస్తే, రెండిటిలోనూ ఒకే మేర తగ్గితే అది ఆవిరి; కొలనులో ఎక్కువ తగ్గితే ఆ తేడా లీకు. మన కొలనులో ఒక మిల్లీమీటరు తేడా అంటే 32 లీటర్లు. నీరు తగ్గుతూ ఏదో ఒక ఎత్తున ఆగిపోతే ఆ ఎత్తులో ఉన్న స్కిమ్మరు (పైన తేలే చెత్తను లాగే గూడు), దీపం గూడు, రిటర్న్ నాజిల్ (శుభ్రమైన నీరు కొలనులోకి తిరిగి వచ్చే మూతి) చుట్టూ వెతకాలి. పంపు నడిచేటప్పుడు మాత్రమే ఎక్కువ తగ్గితే పంపు నుంచి కొలనుకు వచ్చే పైపు అనుమానితం. పంపు గిన్నెలో గాలి బుడగలు కనిపిస్తే పంపులోకి నీరు లాగే పైపు. అనుమానమున్న చోట నీరు కదలకుండా ఆపి, రంగు నీటిని సిరంజీతో మెల్లగా వదిలితే పగులులోకి అది లాగబడడం కళ్లకు కనిపిస్తుంది.

లీకు లేదని తేలాకే వెలుపల మట్టి నింపాలి. 20 సెంటీమీటర్ల పొరలుగా, గోడ చుట్టూ సమానంగా, చిన్న యంత్రంతో దిమ్మిస కొట్టాలి. ఒక్కసారిగా కుమ్మరించిన మట్టి మీద వేసిన నడవ బండలు తొలి వానకే కుంగుతాయి.

అంచు మట్టం విషయంలో ఒక్క మాట. నిలిచిన నీరు ఎప్పుడూ సమతలంగానే ఉంటుంది కనుక, అంచులో ఒక సెంటీమీటరు తేడా ఉన్నా చూసినవారందరికీ తెలిసిపోతుంది. గోడ పైవరుస పోసే ముందు నీళ్ల ట్యూబ్ లెవెల్‌తో నాలుగు మూలలూ, వాటి మధ్యలూ చూసుకోవాలి; మూలమట్టం కోసం రెండు వికర్ణాలూ 8.94 మీటర్లు వస్తున్నాయా అని కొలవాలి. తేడా తరువాత బయటపడితే టైల్సు కింద మోర్టారు మందం పెంచి కొంతవరకు దాచవచ్చు.

ఈ అన్ని నెలల్లోనూ సగం కట్టిన గొయ్యి వాన నీటితో నిండి పిల్లలకు ప్రాణాంతకం కాగలదు. చివర్లో వేద్దామనుకున్న కంచెను తవ్వకం రోజునే వేయండి, 1.2 మీటర్లకు తగ్గకుండా, దానంతట అదే మూసుకునే తలుపుతో ఉండాలి.

తొలిసారి నింపేటప్పుడు

బోరు నీటితో నింపి క్లోరిన్ వేయగానే కొలను టీ రంగుకు తిరగడం చాలామందిని బెదరగొడుతుంది. నీటిలో కరిగి ఉన్న ఇనుము క్లోరిన్ తగిలి తుప్పుగా మారడమే దానికి కారణం. ముందు రోజు ఒక బకెట్టు నీటిలో కాస్త క్లోరిన్ వేసి కొన్ని గంటలు ఉంచితే ఆ సంగతి తెలిసిపోతుంది. రంగు మారితే వేరే నీరు తెప్పించడమో, ఇనుమును తీసే ఫిల్టరు ద్వారా నింపడమో చేయాలి. అప్పటికే నింపేసి ఉంటే తుప్పును అడుగుకు దించే మందు వేసి, పంపు ఆపి, మరునాడు అడుగున పేరుకున్నదాన్ని ఫిల్టరులోకి పోనీయకుండా బయటికి తోడేయాలి.

సిమెంటు ప్లాస్టరు వేసిన కొలనును నింపడం మొదలుపెడితే నిండేవరకు ఆపకూడదు. ఆపిన చోట గోడ చుట్టూ చారిక పడి అలాగే ఉండిపోతుంది. తొలి నెల రోజులు కొత్త ప్లాస్టరు నుంచి సున్నం దిగుతూ పీహెచ్‌ను పెంచుతుంది. రోజూ గోడలను బ్రష్‌తో రుద్దాలి, పీహెచ్‌ను 7.2–7.6 మధ్యకు తేవడానికి కొద్దికొద్దిగా ఆమ్లం కలపాలి. ఆమ్లాన్ని ఎప్పుడూ నీటిలో పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు. ఆమ్లాన్నీ క్లోరిన్‌నూ ఒకే గిన్నెలో గానీ ఒకే అలమారాలో గానీ ఉంచకూడదు, అవి కలిస్తే విషవాయువు పుడుతుంది. ఇసుక ఫిల్టరు శుభ్రంగా ఉన్న తొలి రోజున గేజి చూపిన పీడనాన్ని ఫిల్టరు మీదే రాసిపెట్టుకోండి, అది 0.5 నుంచి 0.7 బార్ల మేర పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఫిల్టరును కడగాలి. తొలి వారాల్లో ప్లాస్టరు పొడి ఎక్కువగా చేరుతుంది కనుక ఆ పని తరచుగానే వస్తుంది.